పాత మారుతి వ్యాను: మరమ్మతు ఖర్చు ఎక్కడ పుడుతుంది?

ఓమ్ని అంటే ఒక్క క్షణం ఆలోచిస్తారేమో కానీ, 'మారుతి వ్యాన్' అంటే మన ఊళ్లలో తెలియనివారు ఉండరు. 1984లో మారుతి వ్యాన్‌గానే రోడ్డెక్కింది, 1988లో ఓమ్ని అయింది, 2019లో తయారీ ఆగిపోయింది. ఈ మూడున్నర దశాబ్దాల్లో అది పెళ్లివారిని మోసింది, కూరగాయల బస్తాలను మోసింది, బడిపిల్లలను, రోగులను మోసింది. మన సినిమాల్లో కథానాయికలను ఎత్తుకుపోయే పని కూడా చాలాకాలం దానిదే. కొత్తవి రావడం ఆగింది కాబట్టి ఇప్పుడు రోడ్డు మీద కనిపించే ప్రతి ఓమ్ని పాతదే. అయినా గ్రామాల్లో, చిన్న పట్టణాల్లో వీటికి గిరాకీ పోలేదు. తక్కువ ధరకు దొరుకుతుంది, ఎనిమిది మంది ఎక్కుతారు, వీధి చివరి షెడ్డులో కూడా బాగుచేసేవాళ్లు ఉంటారు.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారి ఫిర్యాదు మాత్రం దాదాపు ఒకటే: 'బండి చవకే, షెడ్డుకే ఎక్కువవుతోంది.' ఇందులో బండి వయసు పాత్ర ఎంతో, మన ఆలస్యం పాత్ర ఎంతో విడదీసి చూస్తే ఒక విషయం తేలుతుంది. ఈ వ్యానులో పెద్ద మరమ్మతుల్లో చాలావరకు ఒక చిన్న భాగం దగ్గర మొదలై, భౌతికశాస్త్రం గీసిన దారిలో నడిచి, ఖరీదైన భాగం దగ్గర బయటపడతాయి. ఒక రబ్బరు గొట్టం వందల రూపాయల వ్యవహారం. అది పగిలి ఇంజన్ వేడెక్కితే వేలల్లోకి వెళుతుంది. వేడెక్కిన ఇంజన్‌ను అలాగే ఇంటిదాకా నడిపితే పదివేలు దాటుతుంది. విడిభాగాల ధరలు, కూలి ఊరిని బట్టి, షెడ్డును బట్టి మారతాయి కాబట్టి ఈ వ్యాసంలో రూపాయల కంటే సున్నాలనే లెక్కపెడదాం.

సీటు కింద పొయ్యి

ఓమ్నిలో ఇంజన్ ముందు బానెట్ కింద ఉండదు, ముందు సీట్ల కింద ఉంటుంది. 796 సి.సి., మూడు సిలిండర్లు. మారుతి 800 కారులో వాడిన ఇంజనే ఇది. తిప్పే బలం వెనక చక్రాలకు వెళుతుంది. చిన్న బండిలో ఎక్కువమందిని కూర్చోబెట్టడానికి ఈ అమరిక చక్కగా పనికొచ్చింది. దానికి చెల్లించిన మూల్యం వేడి. ఇంజన్ ఇరుకు పెట్టెలో కూర్చుంది. చుట్టూ గాలి ఆడే చోటు తక్కువ. అందుకని రేడియేటర్, నీళ్ల పంపు, థర్మోస్టాట్, ఫ్యాన్, గొట్టాలు అన్నీ సరిగ్గా పనిచేస్తేనే దాని ఉష్ణోగ్రత అదుపులో ఉంటుంది.

రేడియేటర్ ఎంత వేడిని బయటికి పంపగలదన్నది లోపలి ద్రవానికీ బయటి గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడుతుంది. ద్రవం 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉందనుకోండి. డిసెంబరులో గాలి 20 డిగ్రీలైతే తేడా 70. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో గాలి 45 డిగ్రీలకు చేరితే తేడా 45 మాత్రమే. అంటే అదే రేడియేటర్, అదే ఫ్యాన్, అదే వేగంతో చలికాలంలో చేసిన పనిలో మూడింట రెండు వంతులు కూడా చేయలేదు. ఏడాదంతా కనపడని లోపం ఎండాకాలంలోనే ఎందుకు బయటపడుతుందో ఈ లెక్క చెబుతుంది.

ఇక రేడియేటర్‌లో పోసే నీళ్ల సంగతి. తెలుగు రాష్ట్రాల్లో చాలా చోట్ల బోరు నీళ్లు కఠిన జలాలు. వాటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా గోడలకు అంటుకుంటుంది. నీళ్లు కాచే గిన్నెలో పేరుకునే తెల్లని చెక్కు ఇదే. ఇంజన్‌లో అది ఎక్కువగా పేరుకునేది అత్యంత వేడిగా ఉండే చోటే, అంటే వేడిని బయటికి పంపడం అత్యవసరమైన చోటే. అల్యూమినియంతో పోలిస్తే ఈ చెక్కు వేడిని ప్రసారం చేసే శక్తి సుమారు నూరోవంతు. ఒక మిల్లీమీటరు చెక్కు పేరుకుంటే వేడికి పది సెంటీమీటర్ల మందం అల్యూమినియం గోడ కట్టినట్టే. కూలెంట్ డబ్బా ఖరీదు వందల్లో ఉంటుంది. ఆ ఖర్చెందుకని కుళాయి నీళ్లతో సరిపెట్టుకునే అలవాటు ఈ బండికి చేసినంత చెరుపు మరొకటి చేయలేదనిపిస్తుంది.

కూలెంట్‌కు తోడు రేడియేటర్ మూత కూడా ఒక పరికరమే. అది వట్టి మూత కాదు, ప్రెషర్ కుక్కర్ వెయిట్ లాంటిది. వ్యవస్థలో పీడనం వాతావరణం కంటే సుమారు 0.9 బార్ ఎక్కువగా ఉండేలా చూస్తుంది. ఆ పీడనంలో మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. మూతలోని రబ్బరు వాషరు ఎండిపోతే పీడనం నిలవదు, నీళ్లు 100 డిగ్రీలకే మరుగుతాయి. ఆవిరి బుడగలు చేరిన చోట లోహానికి ద్రవం తగలదు. రేడియేటర్‌లో నీళ్లు నిండుగా పోసినా ఇంజన్ మళ్లీ మళ్లీ పొంగుతోందంటే, పెద్ద మరమ్మతు ఒప్పుకునే ముందు ఆ మూతను మార్చి చూడటం తెలివైన పని.

ఇప్పుడు ఇంజన్ నిజంగానే వేడెక్కిందనుకుందాం. ఆ తరం ఇంజన్లలో సాధారణంగా కింది బ్లాకు పోత ఇనుముతో, పై హెడ్డు అల్యూమినియంతో చేస్తారు. రెండింటి మధ్య పల్చని గాస్కెట్ ఉంటుంది. ఒక్కో డిగ్రీకి అల్యూమినియం ఇనుము కంటే సుమారు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 30 సెంటీమీటర్ల హెడ్డు 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీలకు చేరితే దాదాపు 0.4 మి.మీ. సాగుతుంది. దాని కిందున్న ఇనుము 0.2 మి.మీ. మాత్రమే సాగుతుంది. ఈ తేడాను గాస్కెట్ రోజూ భరిస్తూనే ఉంటుంది, దాని తయారీ అందుకోసమే. ఉష్ణోగ్రత 130 డిగ్రీలు దాటిందంటే తేడా 0.35 మి.మీ. అవుతుంది. పైగా హెడ్డంతా ఒకేలా వేడెక్కదు. బోల్టులు బిగించి ఉన్న చోట సాగలేక, లేని చోట సాగి, హెడ్డు వంకర తిరుగుతుంది. అది చల్లారాక కూడా పూర్తిగా సరికాదు.

ఆ తర్వాత జరిగేది షెడ్డు భాషలో 'హెడ్ గాస్కెట్ పోయింది.' గాస్కెట్ ఖరీదు వందల్లోనే. కానీ హెడ్డు విప్పాలి, లేత్ షాపుకు పంపి అడుగు భాగాన్ని చదును చేయించాలి, వాల్వులు చూడాలి, తిరిగి బిగించాలి. బిల్లులో ఎక్కువ భాగం కూలి. అప్పటికి నీళ్లు ఆయిల్‌లో కలిసి ఉంటే బేరింగులు కూడా అరిగి ఉంటాయి. ఇంజన్ ఆయిల్ మూత తీసి చూస్తే లోపల పాల మీగడ రంగులో జిగట కనిపించడం దీనికి గుర్తు. చలికాలంలో కొద్ది దూరాలే తిరిగే బండిలో తేమ వల్ల పలుచగా ఇలాంటిది కనిపించవచ్చు. నీళ్లు తగ్గుతూ ఉండి, ఈ జిగట కూడా ఉంటే మాత్రం అనుమానం అక్కర్లేదు.

చిన్న లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే. గొట్టాలు, మూత, కూలెంట్ అన్నీ మార్చడానికి 2,000 రూపాయలు, వేడెక్కి ఇంజన్ విప్పాల్సి వస్తే 25,000 రూపాయలు అనుకుందాం. పాత గొట్టాలతో ఏడాదిలో ఇంజన్ వేడెక్కే అవకాశం పదింట ఒకటి ఉంటే, ఆ ప్రమాదం విలువ ఏడాదికి 2,500 రూపాయలు. కొత్త గొట్టాలు ఒక్క ఏడాది కాదు, కొన్నేళ్లు వస్తాయి. బీమా కంపెనీలు ప్రీమియం లెక్కించే పద్ధతి కూడా ఇదే.

నడవని బండి కూడా ముసలిదవుతుంది

'ఇరవై ఏళ్లదైనా తిరిగింది నలభై వేల కిలోమీటర్లే' అని అమ్మకందారు చెప్పినప్పుడు చాలామంది సంతోషిస్తారు. లోహపు భాగాలకు సంబంధించి ఆ సంతోషంలో న్యాయముంది. రబ్బరుకు సంబంధించి లేదు. రబ్బరు గాలిలోని ఆక్సిజన్‌తో, ఓజోన్‌తో చర్య జరుపుతూ గట్టిపడుతుంది, పగుళ్లు బారుతుంది. దీనికి బండి నడవనవసరం లేదు. రసాయన చర్యల గురించి ఒక మోటు సూత్రం ఉంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది. సీటు కింద వేడి పెట్టెలో ఉన్న గొట్టాలు, బెల్టులు, ఆయిల్ సీళ్లు బయట ఉన్నవాటికంటే ఎంత త్వరగా ముసలివవుతాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

వీటిలో అన్నిటికంటే తీవ్రమైనది టైమింగ్ బెల్టు. పిస్టన్ల కదలికకు, వాల్వులు తెరుచుకోవడానికి మధ్య తాళం తప్పకుండా చూసే పళ్ల రబ్బరు బెల్టు ఇది. తెగేముందు శబ్దం చేయదు, వాసన రాదు. తెగితే ఇంజన్ ఆ క్షణంలోనే ఆగిపోతుంది. కొన్ని రకాల ఇంజన్లలో అంతటితో సరిపోతుంది, మరికొన్నింటిలో పిస్టన్ వచ్చి తెరిచి ఉన్న వాల్వులను గుద్ది వంచేస్తుంది. పాత బండి కొన్నవెంటనే, ఎప్పుడు మార్చారో రాతపూర్వకమైన ఆధారం లేకపోతే, ఈ బెల్టు మార్చేయడం మంచిది. అమ్మకందారు 'మొన్ననే మార్పించాను' అన్న మాటకు ఆధారంగా బిల్లు అడగండి.

పొగ చెప్పే మాట

సైలెన్సర్ నుంచి వచ్చే పొగ రంగు చూసి జబ్బు చెప్పే మేస్త్రులున్నారు. అందులో నాటు వైద్యమేమీ లేదు, రసాయనశాస్త్రమే ఉంది. నల్ల పొగంటే పూర్తిగా మండని కార్బన్. గాలి తక్కువై పెట్రోలు ఎక్కువవుతోందన్నమాట. కార్బురేటర్ సర్దుబాటు తప్పి ఉండవచ్చు, గాలి ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు. ఇవి వందల్లో తేలే పనులు. వేడెక్కిన తర్వాత కూడా ఆగని దట్టమైన తెల్ల పొగ, తీయటి వాసన ఉంటే కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోంది, పైన చెప్పిన గాస్కెట్ కథే. నీలం పొగంటే ఇంజన్ ఆయిల్ మండుతోంది.

నీలం పొగ దగ్గరే జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు. ఎందుకంటే 'బోరుకొచ్చింది, ఇంజన్ దించాలి' అనే మాట వెంటనే వినపడుతుంది. ఇంజన్ దించి, సిలిండర్లు బోరు కొట్టించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు వేయించడం పదివేలు దాటిన ఖర్చు. కానీ ఆయిల్ సిలిండర్‌లోకి చేరడానికి రెండు దారులున్నాయి. ఒకటి కింది నుంచి, అరిగిన పిస్టన్ రింగుల పక్కగా. రెండోది పై నుంచి, ఎండిపోయిన వాల్వు సీళ్ల ద్వారా. ఆ సీళ్లు చిన్న రబ్బరు టోపీల లాంటివి, ఖరీదు వందల్లోనే. వాటిని మార్చడానికి ఇంజన్‌ను బండిలోంచి దించనవసరం లేదు. రాత్రంతా నిలిపి ఉదయం స్టార్టు చేసిన మొదటి కొన్ని క్షణాలు మాత్రమే నీలం పొగ వచ్చి ఆగిపోతే అనుమానించాల్సింది సీళ్లనే. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువుతో లాగేటప్పుడు ఆగకుండా వస్తుంటే రింగులు.

ఊహించనవసరం లేకుండా తేల్చే పరీక్ష ఒకటుంది. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ రంధ్రంలో పీడన మాపకం బిగించి, సెల్ఫ్‌తో ఇంజన్‌ను తిప్పుతారు. మూడు సిలిండర్లలో పీడనం ఎంత వస్తోందో రాసుకుంటారు. ఒకదానిలో తక్కువ వచ్చిందనుకోండి, ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. పోసిన ఆయిల్ పిస్టన్ చుట్టూ చేరి, రింగుల పక్కనున్న సందును కాసేపు మూస్తుంది. ఈసారి పీడనం పెరిగితే తప్పు రింగుల్లో ఉన్నట్టు. పెరగకపోతే పైనున్న వాల్వుల్లోనో, గాస్కెట్‌లోనో. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో ఒకేలా తక్కువగా ఉంటే వాటి మధ్య గాస్కెట్ తెగి ఉండే అవకాశం ఎక్కువ. అరగంట పని. ఈ మాపకం లేని షెడ్డులో ఇంజన్ విప్పించడమంటే రక్తపరీక్ష చేయించకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవడమే.

ఇంజన్ తరచూ స్టార్టు కాకపోవడం కూడా కొందరిచేత కొత్త సెల్ఫ్ మోటారు, కొత్త బ్యాటరీ కొనిపిస్తుంది. తప్పు ఒక్కోసారి బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ తీగ చివర తుప్పులో ఉంటుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు వంద ఆంపియర్ల దరిదాపు కరెంటు లాగుతుంది. అతుకు దగ్గర నిరోధం 0.02 ఓము ఉంటే చాలు, ఓమ్ సూత్రం ప్రకారం రెండు వోల్టులు అక్కడే పోతాయి. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే సరిపోయే పని.

పెట్రోలు, గ్యాసు, నిప్పు

ఇప్పటిదాకా చెప్పినవి జేబుకు సంబంధించినవి. ఇక్కడి నుంచి ప్రాణాలకు సంబంధించినవి. 2020 ఫిబ్రవరిలో పంజాబ్‌లోని లోంగోవాల్‌లో కాలం చెల్లిన ఒక పాత బడి వ్యానుకు నడుస్తుండగా మంటలంటుకుని నలుగురు చిన్నపిల్లలు చనిపోయారు. పాత వ్యాన్లలో మంటలు ఎందుకు అంత వేగంగా వ్యాపిస్తాయన్నది మనం అర్థం చేసుకోవాల్సిన విషయం.

ఇంధనపు గొట్టం, కరెంటు తీగలు, కాలుతున్న సైలెన్సర్ గొట్టం ఓమ్ని ఇంజన్ పెట్టెలో ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. పైన ఉన్నది ప్రయాణికుల సీటు. ఇందులో ఇంధన గొట్టానికి కొత్తగా ఒక పరీక్ష వచ్చింది. మన దేశంలో 2025 నాటికి బంకుల్లో దొరికే పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. పాత బండ్లలో వాడిన కొన్ని రకాల రబ్బరు ఇథనాల్ తగిలితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆరినప్పుడు పగులుతుంది. గొట్టాల ఖర్చు మళ్లీ వందల్లోనే. ఇథనాల్‌ను తట్టుకునే రకం అడిగి తీసుకోవాలి. క్లిప్పులతో సహా అన్నీ ఒకేసారి మార్పించాలి.

మైలేజీ సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు కాబట్టి లెక్క చూద్దాం. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే, లీటరు ఇథనాల్‌లో సుమారు 21. ఇరవై శాతం కలిపితే లీటరుకు 29.8 మెగాజౌళ్లు, అంటే దాదాపు 7 శాతం తక్కువ. ఇథనాల్ కోసం తయారుకాని పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన నివేదిక కూడా అంచనా వేసింది. అంతకుమించి, పదిహేను ఇరవై శాతం పడిపోయిందంటే నేరం ఇథనాల్ ఒక్కదానిదే కాదు. బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో, క్లచ్ జారుతోందేమో చూసుకోవాలి.

గ్యాసు సంగతి మరీ సున్నితం. కంపెనీ బిగించిన, లేదా అనుమతి పొందిన ఎల్పీజీ కిట్టు ఉన్న బండి ఒక ఎత్తు. వంటింటి సిలిండర్‌ను వెనక సీటు కింద పెట్టి గొట్టం లాగిన బండి మరో ఎత్తు. రెండోది చట్టవిరుద్ధం, అంతకంటే ముఖ్యంగా ప్రమాదకరం. లీటరు ద్రవ ఎల్పీజీ వాయువుగా మారితే సుమారు 250 లీటర్లవుతుంది. గాలిలో అది రెండు శాతం కలిస్తే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. వ్యాను లోపల నాలుగు ఘనపు మీటర్ల గాలి ఉందనుకుంటే అందులో రెండు శాతం అంటే 80 లీటర్ల వాయువు. అది సుమారు మూడోవంతు లీటరు ద్రవం, ఒక పెద్ద గ్లాసుడు. పైగా ఈ వాయువు గాలికంటే బరువు. కిటికీలోంచి పోకుండా నేల మీద పరుచుకుంటుంది. పిల్లల కాళ్ల దగ్గర, కరెంటు అతుకుల దగ్గర నిలుస్తుంది. గ్యాసుకు కలిపిన ఘాటు వాసన తగిలితే స్విచ్చులేవీ ముట్టుకోకుండా తలుపులు తెరిచి దిగిపోవడమే చేయాల్సింది.

నిప్పురవ్వ ఎక్కడి నుంచి వస్తుంది? తరచూ ఫ్యూజు పెట్టె నుంచి. ఫ్యూజు పదేపదే పోతుంటే విసిగిపోయి దాని స్థానంలో రాగి తీగ చుట్టేవాళ్లున్నారు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. కరెంటు మూడు రెట్లయితే వేడి తొమ్మిది రెట్లు. అప్పటిదాకా కరగడానికి ఫ్యూజు ఉండేది. ఇప్పుడు ఆ పని బండి పొడవునా పాకిన తీగల తొడుగుకు అప్పగించినట్టయింది.

మంట కాకపోయినా, అదే పెట్టెలోంచి వచ్చే మరో ప్రమాదానికి రంగూ వాసనా లేవు. సైలెన్సర్ గొట్టం ఇంజన్ దగ్గర చిల్లుపడి, సీటు కింద మూత చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ ఎండిపోయి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే దీన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వ్యాను ఎక్కినప్పుడల్లా తలనొప్పి, వికారం వచ్చి, దిగాక తగ్గిపోతుంటే అది ప్రయాణం పడకపోవడమే అనుకోకండి, ఒకసారి సైలెన్సర్ చూపించండి.

ఆగవలసినప్పుడు ఆగాలి

బ్రేకుల్లో మనం కాలితో ఇచ్చే బలాన్ని చక్రాలకు మోసుకెళ్లేది బ్రేక్ ఆయిల్. ద్రవాలు నొక్కుకుపోవు, అందుకే ఆ పని చేయగలవు. కానీ ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదానికి మరిగే స్థానం కనీసం 205 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. అదే ద్రవంలో 3.7 శాతం నీరు చేరాక అది 140 డిగ్రీలకు తగ్గినా ప్రమాణం ఒప్పుకుంటుంది.

అరకు నుంచి శృంగవరపుకోట వైపు ఘాట్ దిగే వ్యానును తీసుకోండి. మనుషులతో కలిపి 1,300 కిలోలు, దిగే ఎత్తు సుమారు 800 మీటర్లు. విడుదలయ్యే శక్తి కోటి జౌళ్లకు పైనే. 30 డిగ్రీల దగ్గరున్న 35 లీటర్ల నీటిని మరిగే దాకా తేవడానికి సరిపోయే వేడి అది. కొంత గాలి నిరోధానికి, టైర్లకు పోతుంది. మిగతాది ఇంజన్ భరించాలి, లేదా బ్రేకులు భరించాలి. తక్కువ గేరులో దిగితే చాలా భాగం ఇంజన్ తీసుకుంటుంది. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దింపితే మొత్తం బ్రేకుల మీద పడుతుంది. తేమ పీల్చిన ద్రవం మరిగి ఆవిరైన క్షణంలో పెడల్ నేలకు దిగిపోతుంది, ఎందుకంటే ఆవిరి నొక్కుకుపోతుంది. చల్లారాక షెడ్డుకు తీసుకెళితే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చడం వందల్లో అయ్యే పని. వెనక చక్రాల్లో వీల్ సిలిండర్ల రబ్బర్లు కారుతున్నాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

వెనక ఉండే కమాను కట్టల గురించి రెండు మాటలు చాలు. ఉక్కు ఒక్కసారి ఎక్కువ బరువుకు విరగకపోవచ్చు. కానీ లక్షలసార్లు వంగీ లేచీ అలసిపోతుంది. దీన్ని లోహ అలసట అంటారు. పంతొమ్మిదో శతాబ్దంలో రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరిశీలిస్తూ జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ దీన్ని క్రమబద్ధంగా కొలిచారు. బరువుతో పోలిస్తే ఆయుష్షు చాలా వేగంగా తగ్గుతుంది. ఐదో ఘాతం లెక్కన తగ్గుతుందనుకుంటే, బరువు 20 శాతం పెంచితే కట్టల ఆయుష్షు 40 శాతానికి పడిపోతుంది. ఎనిమిది మంది పట్టే బండిలో పద్నాలుగు మంది పిల్లలను కుక్కే ఆటో లెక్క ఇక్కడ పనికిరాదు.

సున్నాల లెక్క ఆగే చోటు

ఇంజన్ మార్చవచ్చు, గేర్‌బాక్స్ మార్చవచ్చు. ఓమ్నికి ఇవి దొరకడం కష్టం కూడా కాదు. మార్చలేనిది బాడీ. ఈ వ్యానుకు విడిగా ఛాసిస్ చట్రం ఉండదని, రేకుల పెట్టే బలమంతా భరిస్తుందని గుర్తుంచుకుంటే తుప్పు ఎందుకు అంత ముఖ్యమో తెలుస్తుంది. ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిస్తే తుప్పు పడుతుంది. ఉప్పు కలిస్తే నీటి విద్యుద్వాహకత పెరిగి ఆ చర్య ఎన్నో రెట్లు వేగవంతమవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు తిరిగిన బండికీ, హైదరాబాద్‌లో తిరిగిన బండికీ తేడా ఇదే. ఓమ్నిలో చూడాల్సిన చోట్లు పక్క తలుపు జరిగే పట్టాలు, నేల రేకు, చక్రాల పై గూళ్లు, కమాను కట్టలు బాడీకి తగిలే కొక్కేలు.

టింకరింగ్ షాపులో పుట్టీ పెట్టి పెయింటు కొడితే కళ్లకు కొత్తదే. పుట్టీ కింద తేమ మాత్రం అలాగే ఉంటుంది. బండి చూడబోయేటప్పుడు జేబులో ఒక చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. రేకు మీద పట్టుకుంటుంది, మందపు పుట్టీ మీద జారిపోతుంది. కొక్కేల దగ్గర స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే పొరలు రాలితే, ఆ బండి ఇంజన్ ఎంత బాగున్నా బేరం వదులుకోవచ్చు.

బాగున్న బాడీ కూడా ఇవ్వలేనిది ఒకటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుని ఆగేటప్పుడు, ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగే కారులో మనిషి మీద సగటున భూగురుత్వానికి 16 రెట్ల త్వరణం పనిచేస్తుంది. 20 సెంటీమీటర్లే నలిగితే అది 49 రెట్లు. ఓమ్నిలో డ్రైవరు మోకాళ్ల ముందు బంపరు, రేకు తప్ప పెద్దగా ఏమీ లేదు. కొత్త భద్రతా నిబంధనలకు తగ్గట్టు ఈ నమూనాను మార్చడం సాధ్యపడకపోవడం దాని తయారీ ఆగడానికి ఒక ప్రధాన కారణం. షెడ్డులో ఎంత ఖర్చు పెట్టినా ఆ 40 సెంటీమీటర్లు కొనలేం. అందుకే ఊళ్లో పొలం పనులకు, మార్కెట్‌కు వాడే వ్యాను మీద మరమ్మతు ఖర్చు పెట్టడంలో అర్థముంది. అదే వ్యానును హైవే మీద దూర ప్రయాణాలకో, బడిపిల్లలకో వాడాలనుకుంటే నా దృష్టిలో లేదు.

పదిహేనేళ్లు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గాలి. పొడిగింపు ఐదేళ్లకు వస్తుంది. 2022 ఏప్రిల్ నుంచి కార్ల తరగతికి ఆ రుసుము 600 నుంచి 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. పరీక్షకు ముందు టైర్లు, బ్రేకులు, లైట్లు, పొగ సరిచేయించే ఖర్చు అదనం. ఇవన్నీ కలిపి బండికి వచ్చే ధరలో సగం దాటుతుంటే, గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగించే దారి కూడా ఉంది. అక్కడ ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ చూపి కొత్త బండి కొంటే, సొంత వాహనాల మీద 25 శాతం దాకా, రవాణా వాహనాల మీద 15 శాతం దాకా మోటారు వాహన పన్నులో రాయితీ ఇచ్చేందుకు కేంద్రం 2021లో రాష్ట్రాలకు వీలు కల్పించింది. అప్పగించే ముందు ఆర్టీఏ రికార్డుల్లో ఆ బండి మీద చలాన్లు, ఫైనాన్స్ బకాయిలు లేవని చూసుకోవాలి.